జీరో ఎక్కడ

నాగ్‌పూర్ నుంచి టెంపోల వచ్చింది
తొంభై రెండు కిలోలు.
దర్వాజ కంటె రెండు వేళ్లు వెడల్పు.
తలుపు రెక్క ఊడదీసినం.
"నేను పెండ్లయి వచ్చిననాడు గూడ
తలుపు ఊడదియ్యలే" అన్నది లచ్చుబాయి,
బియ్యం డ్రమ్ము జరుపుకుంట.

చిన్నదే, కుట్టుమిషనంత.
ముప్పై ఒక్క ఏండ్లు
గనుల వర్క్‌షాపుల నేను నడిపిన మిల్లుకు
మనుమరాలి లెక్క.
దానికి నా ఛాతంత చక్రం ఉండె.
దీనికి చక్రమే లేదు.
పట్టుకోను ఏం దొరకక
మొదటి రోజంత నా చేతులు
లుంగీకి తుడుచుకుంటనే ఉన్నయ్.

స్విచ్చేస్తె అడిగిన మొదటి మాట:
జీరో ఎక్కడ?
మొదలేదో నువ్వు చెప్పు,
అక్కడ్నుంచి లెక్క నేను చూసుకుంట, అంటది.

మొదలంటె ఏం చెప్పాలె.
తాత వెదురు కోతకని గోదారి దాటిండు,
మళ్లీ దాటలే.
రేషన్ కార్డు మరాఠీల
బొగ్గు టన్నుల లెక్క హిందీల
తిట్లు మాత్రం తెలుగుల.
బల్లార్షా టేషన్ల బోర్డు కింద నిలబడి
ఏ ఊరు మీదని ఎవరన్న అడిగితె
ఇప్పటికీ ఒక గడియ ఆగుత.

బీడీ కట్ట మీది పల్చటి కాయితం చింపి
ఇనుము మీద పరిచిన.
మొన దించుకుంట, కాయితం గుంజుకుంట,
దించుకుంట, గుంజుకుంట…
కాయితం కదలనిచోటు జీరో.
గంతే. బీడీ కాయితమంత మందం మొదలు.

మొదటి కోత అల్మినియం.
పిల్లి తోక తొక్కినట్టు అరిచింది.
లచ్చుబాయి గంటె పట్టుకొని ఉరికొచ్చింది.
అప్పటికే కట్టర్ విరిగింది,
మెటికె విరిచినంత సప్పుడు,
నాలుగొందల రూపాయలు.
పక్కింటి నితేశ్ పోరడు తెర మీద అంకె తగ్గించి
"కాకా, జరా హళూ" అన్నడు.
పొట్టు రంగు చూసి, నూనె వాసన చూసి
వేగం చెప్పేటోన్ని నేను.
పంతొమ్మిదేండ్లోడు చెప్తె తల ఊపిన.

పొట్టు ఎక్కడ బడితె అక్కడ.
చాప మీద, పప్పుల, నా చెవుల.
రాత్రి బల్బు కింద కూసోని
పిన్నీసుతోని మడిమెల ముల్లు తీసుకుంట
లచ్చుబాయి దాన్ని తిట్టలే, నన్నే తిట్టింది.

తొమ్మిదో రోజు ఆమెనే
అరిగిన మురుకుల బిళ్ల తెచ్చి ముందర పెట్టింది.
"చేస్తదా నీ మిషన్?"

ఇత్తడి. ఎనిమిది మూలల చుక్క.
నలభై నిమిషాలు కుర్చీ ఏసుకొని ఇన్న.
ఏడో మూల తిరిగి ఎనిమిదో దానికి పోతుంటె
కరెంటు పోయింది.
మే నెల, నడి పగలు,
ఫ్యాన్ల కన్న ముందు అదే ఆగింది.

కరెంటొచ్చినంక మళ్లీ అడిగింది,
జీరో ఎక్కడ?
ఏడు మూలలు కోసిన సంగతే ఎరుక లేదు.
కాయితం మళ్లీ చింపిన, మళ్లీ దించిన.
మునుపటి చోటు దొరకలే.
ఎంటికె వాసి అటు, లేకుంటె ఎంటికె వాసి ఇటు.
ఆకురాయి చేతుల పట్టుకొని నేను చూస్తుండంగనే
ఆమె బిళ్ల విప్పుకపోయి
చింతపండుతోని తోమి
పిండి వత్తింది.

ఒక దిక్కు నున్నగ, ఏడు దిక్కుల గరుకు.
నూనెల మురుకు తిరుగుతుంటె
నున్నటి దిక్కు నాకొక్కనికే కనబడ్డదనుకున్న.

డోంగ్రే వాళ్లింటికి పోయిన పళ్లెం
తెల్లారి ఖాళీగ వచ్చింది, వెనక ప్రభాబాయి.
తనకూ ఒకటి కావాలంట.
సక్కగ చేసిస్త తాయీ, అన్న.
వద్దంట. అచ్చం అట్లనే కావాలంట,
నాలిక ఆగే జాగ ఉన్నదంట.

తప్పును ఏ అంకెల రాయాలె?
రాత్రి నితేశూ నేనూ
ఎనిమిదో మూల చెరిపేసినం.
మిషన్ ఏమన్లే.
ఏడు కోసి మొన పైకెత్తి నిలబడ్డది.

ఆ రోజు మాత్రం కరెంటు పోలే.