బొగ్గుపొడి

కోటవీధిలో మా కొట్టు.
పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన రోజు
కిటికీ గట్టు మీద వేలితో పేరు రాయొచ్చు.
పొద్దున తుడుస్తాను, పదకొండుకి మళ్ళీ నలుపు.
మూస్తే ఉక్క. తెరిస్తే బొగ్గు.
ఇక్కడ పుట్టినవాడికి ఈ లెక్క కొత్త కాదు.

మైలపల్లి నూకరత్నం సీపీయూని
చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఆటో దిగింది.
ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ పద్దులు రాస్తుంది.
"మొన్న రాత్రి ఒకటి వెతికేను.
తెల్లారి మా అన్న క్రికెట్ స్కోరు చూస్తంటే
పక్కన అదే బొమ్మ.
ఆ మర్నాడు వదిన చూస్తే మళ్ళీ అదే.
ఏటది, ఇల్లంతా డప్పు కొడతాదా?"

ఏం వెతికిందో నేనడగలేదు.
నోటిదాకా వచ్చింది, నిజం చెప్పాలి.

"మరిచిపోయేది ఒకటి పెట్టు," అంది.
"నా పద్దులు మాత్రం మరిచిపోకూడదు."

ఆ రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను.
హార్బర్లో ఎక్కడో ఒక ఓడ మూలిగింది.
అల్లిపురంలో నాకు పని నేర్పిన కొయ్య జగ్గారావు అనేవాడు:
ఊరికే ఇచ్చిన గొడుక్కి
చిల్లెక్కడుందో ముందు చూడరా.

నాలుగు రంగుల బంతి అందులో ముందే ఉంది.
పిలవకముందే పలుకుతుంది,
బిల్లు కట్టే ప్రతి కౌంటర్లో దానికి మర్యాద.
కాని జగదాంబ జంక్షన్లో చుట్టం తగిలినట్టు
ఎక్కడికెళ్ళినా అదే పలకరింపు,
"ఏటమ్మా, నిన్న అటెందుకెళ్ళేవు?"

సింహం బొమ్మది
ప్రకటనల్ని గుమ్మంలోనే కరిచింది. బాగుంది.
తెరిచి తెరవగానే నాణేల సంచీ ఒకటి చూపించింది.
కాపలావాడే చీటీ కట్టమన్నట్టనిపించింది.

ఉల్లిపాయది మూడు వీధులు తిప్పి తీసుకెళ్ళింది,
భీమిలికి అనకాపల్లి మీదుగా అన్నట్టు.
ఎవరికీ పేరు చెప్పదు, మూస్తే ఏదీ గుర్తుండదు.
బ్యాంకువాళ్ళ పేజీ మాత్రం
ముసుగు చూసి తలుపు వేసేసింది.

నక్క బొమ్మది మిగిలింది.
కొంచెం బరువు, ఆ పాత మెషీన్‌కి ఆయాసం.
ఫైలు దాచబోతే తన సొంత పెట్టె తెరిచింది.
డెస్క్‌టాప్ అంతా నలుపైతే అదొక్కటే తెలుపు,
చెప్పిన రంగు వదిలేసి
వేరే చొక్కాతో వచ్చిన తోడిపెళ్ళికొడుకులా.
సెట్టింగుల్లో ఒక్కో మీటా తిప్పుతూ
రెండింటి దాకా కూర్చున్నాను.
గుణింతాలు విరగకుండా అక్షరాలు మార్చేను.
పద్దులకి ఒక అర, మిగతా బతుక్కి ఒక అర.
మూయగానే రెండో అర
తనంతట తానే కడుక్కునేలా పెట్టేను.

పాత చరిత్ర చెరిపే ముందు
జాబితా ఒక్కసారి తెర మీద నిలబడింది.
తారీకులు, వేళలు.
రాత్రి ఒకటీ పది. ఒకటీ పన్నెండు. ఒకటీ నలభై.
తెరకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.
వేళ్ళ సందులోంచి ఒక్క మాట కనపడింది.
చెరిపేసేను.

మర్నాడు డబ్బులతో పాటు
క్యారీబ్యాగులో కానాగంతలు తెచ్చింది.
నక్క మీద నొక్కి, ఏదో వెతికి, మూసి,
మళ్ళీ తెరిచి చూసుకుంది.
"మరిచిపోయింది," అని నవ్వింది.
తర్వాత నావైపు తిరిగి,
"నువ్వో?"

గాలి పోర్టు వైపు నుంచే వస్తోంది.
గుడ్డ తీసుకుని
పొద్దున తుడిచిన కిటికీ గట్టునే
మళ్ళీ తుడుస్తూ ఉండిపోయేను.