ఇరవై అయిదు డిగ్రీలు

జహ్రాలో ఆసుపత్రి ల్యాబు వెనక గుమ్మం.
రాత్రి పదకొండున్నర. గోడ ఇంకా కాలుతోంది.
మస్తాన్‌వలీ హెల్మెట్టు తీసి గట్టు మీద బోర్లించి
డెలివరీ పెట్టెలోంచి నోటుబుక్కు తీశాడు.
పేజీలన్నీ ఎవరివో బిర్యానీల వాసన.

"అక్కా, ఎన్నిసార్లు చేసినా ప్లస్సే వస్తాండాది."

చూశాను.
పైరువేట్ లాక్టేట్‌గా మారే లెక్క.
పుచ్చుకునేవాడి వోల్టుల్లోంచి
ఇచ్చేవాడి వోల్టులు తీసెయ్యాలి.
మైనస్ సున్నా పాయింట్ ఒకటి ఎనిమిది అయిదులోంచి
మైనస్ సున్నా పాయింట్ మూడు రెండు సున్నా.
వీడు రెండు మైనస్‌లనూ కూడబెట్టాడు
వడ్డీ మీద వడ్డీలాగా.

"నీ వీసా అప్పు తీసేస్తే ఏమవుతుంది?"
నవ్వాడు. "ఊపిరాడుతుంది."
"అంతే. మైనస్‌ని తీసేస్తే అది చేతికొచ్చినట్టు."

సున్నా పాయింట్ ఒకటి మూడు అయిదు.
రెండు ఎలక్ట్రాన్లు, తొంభై ఆరున్నర ఫారడే,
సూత్రం ముందు నిలబడ్డ మైనస్‌ని మర్చిపోకు.
మైనస్ ఇరవై ఆరు కిలోజౌళ్లు.
"మైనస్ అంటే?"
"ఎవరూ తొయ్యకపోయినా జరిగేది."

ప్లస్‌లో నిలువు గీతని గోటితో గీకాడు.
కాగితం చిరిగింది.

అదే రెండు ఎలక్ట్రాన్లు
చివరిదాకా నడిచి ఆక్సిజన్ చేతికి అందితే
రెండొందల ఇరవై దాకా వచ్చేది.
అందనప్పుడు ఇదిగో, ఈ ఇరవై ఆరు.

మధ్యాహ్నం వచ్చిన గొట్టం సంగతి వాడికి చెప్పలేదు.
పేరు లేదు, బార్‌కోడు ఉంది.
కాంక్రీటు పనిలోంచి మోసుకొచ్చారట.
లాక్టేట్ పదకొండు.
నమ్మక మళ్ళీ పెట్టాను. పదకొండే.
వార్డుకి ఫోన్ చేసి అంకె రెండుసార్లు చదివి
విన్నవాళ్ళ పేరు రాసుకున్నాను. నా పని అక్కడితో సరి.

పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది:
ఇరవై అయిదు డిగ్రీలు, పీహెచ్ ఏడు,
అందరూ సమానంగా ఒక్కో మోలార్.
ఈ ఊళ్ళో ఇరవై అయిదు
ఏసీ రిమోట్ మీద మాత్రమే కనిపిస్తుంది.

"అయిపోయిందా అక్కా, ఇంతేనా?"
"ఇంకో ముక్క ఉంది. అసలు ఎంత ఉన్నాయి, ఎంత వేడిలో ఉన్నాయి,
అదంతా అందులో వస్తుంది."
ఫోను టింగుమంది. సల్వాలో ఎవరికో ఆకలి.
వాడు హెల్మెట్టు ఎత్తాడు. లోపలి స్పాంజి ఆరలేదు.

"రేపు చెప్తా," అన్నాను,
వెళ్ళిన బండి వెనక దీపంతో.