వంతు

తార్తులో నా ఉద్యోగం నిశ్శబ్దాన్ని కొలవడం.
గడ్డకట్టిన నది వైపు కిటికీ, చెవులకు హెడ్‌ఫోన్లు,
తెర మీద ఎవరి గొంతో చీమలబారులా పాకుతుంటుంది.
ఒకరి మాట తెగిన చోట ఒక గీత,
ఇంకొకరి మాట అందుకున్న చోట ఒక గీత.
నడుమ మిగిలినదానికి నాకు జీతం.

మాటకీ మాటకీ మధ్య సందు
సెకనులో అయిదోవంతు అంటాడు మాడిస్, మా ప్రొఫెసరు.
రెప్పపాటు కూడా కాదు.
అవతలివాడు ఆపేదాకా ఆగితే అందదు,
వాక్యం ఎక్కడ వాలుతుందో ముందే పసిగట్టి
గొంతు సవరించుకుని ఉండాలి.
గుప్పెడంత కోతులు కూడా కొమ్మల చాటు నుంచి
ఒకటి కూశాక ఆగి ఇంకొకటి కూస్తాయట.
పాలుతాగే పిల్ల మాట రాకముందే
ఊఁ కొట్టి, తల్లి కోసం ఆగుతుంది.
మాట తర్వాత వచ్చింది,
ముందు వంతు పుట్టింది
అని చెప్పి, నా బిస్కట్టు ఒకటి తీసుకుంటాడు
వంతు తనది కాకపోయినా.

సారెమా దీవి నుంచి పన్నెండు రికార్డింగులు రావాలి.
సాల్మె, ఎండెల్. వాళ్ళ వంటింటి బల్ల మీద మా యంత్రం,
పక్కన పొగబెట్టిన చేప.
చేప వినిపించదు, ఎండెల్ ముళ్ళు ఉమ్మడం వినిపిస్తుంది.
ఆమె మాటలు రేకు మీద వడగళ్ళు.
అతను ప్రతిదానికీ తొమ్మిది వందల మిల్లీసెకన్లు తీసుకుంటాడు,
ఆనక ఒకటే జవాబు: యాహ్.
అదీ ఊపిరి వదులుతూ కాదు, లోపలికి పీలుస్తూ.
అవునన్న మాటను బయటికి పంపకుండా
తనలోనే దాచుకుంటున్నట్టు.

అయిదోదానిలో ఒక్కసారి రెండు సెకన్లు దాటింది,
నా సైకిలు పక్కింటివాళ్ళకు ఇచ్చేశావా అని ఆమె అడిగినప్పుడు.
ఆలస్యమైన అవును
కాదు కంటే బరువు.

మొదట్లో విసుగొచ్చేది.
ఏడోదాని నాటికి
అతనికంటే ముందు నా వేలే మీట మీద వాలేది.

పదోది ఫిబ్రవరిలో వచ్చింది.
యంత్రం నొక్కిన చప్పుడు. పొయ్యిలో కట్టె చిట్లడం.
"యూనివర్సిటీ వాళ్ళకు పన్నెండని మాటిచ్చాం" అంది సాల్మె.
"పోయిన గురువారం ఎండెల్‌ని పాతిపెట్టాం.
నేల రాయిలా ఉంది, తవ్వినవాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి."
తర్వాత, బంగాళాదుంపలు మొలకలెత్తాయంది.
ఆగింది.
"నేనూ అదే అంటున్నా" అంది.

గీతలు పెట్టాను. ఎనిమిది వందల తొంభై.
"రేవు గడ్డకట్టింది, ఓడ ఆలస్యం."
తొమ్మిది వందల పది.
"వచ్చినప్పుడే వస్తుందిలే."

మా రూళ్ళ పుస్తకంలో రెండే గళ్ళు.
ఒకే మనిషి మాటల నడుమ ఖాళీ, విరామం: అది ఆమెది.
ఇద్దరి నడుమ ఖాళీ, సందు: అది ఎవరిదీ కాదు.
గదిలో ఉన్నది ఒక్కరే, కనుక విరామమే రాయాలి.
కానీ తన విరామాల్లో సాల్మె చెంచా తిప్పుతుంది,
ముక్కు ఎగబీలుస్తుంది, "ఏంటంటే" అంటుంది.
ఇక్కడ చెంచా కూడా ఆగింది.

మాడిస్‌ని పిలిచాను. రెండుసార్లు విన్నాడు.
"అలవాటు" అన్నాడు. "లక్షల ఏళ్ళు చెక్కిన లయ,
ఒక గురువారంతో చెరగదు."
హెడ్‌ఫోన్లు నెమ్మదిగా బల్ల మీద పెట్టి
బిస్కట్టు తీసుకోకుండా వెళ్ళాడు.

పన్నెండోదానిలో ఆమె యంత్రం ఆపడం మరిచిపోయింది.
నలభై నిమిషాలు పొయ్యి, గాలి, ఎక్కడో ఒక తలుపు.
అన్నీ విన్నాను, కోడ్ లేని వాటిని కూడా.
"రేపటికి మంచు తగ్గుతుంది" అంది చివర్లో, యంత్రంతో కాదు.
ఏడు వందలు. ఎనిమిది.
తొమ్మిది దగ్గర, లోపలికి పీల్చిన ఊపిరి:
యాహ్.
గొంతు ఆమెదే.

తెర అడిగింది, మాట్లాడింది ఎవరని.
ఎండెల్ వరుసలో రాశాను.
పక్కనే ఎర్ర గుర్తు వెలిగింది, గొంతు సరిపోలడం లేదని.
మాడిస్ ఇంకా దిద్దలేదు.