ఎనిమిది కంటే కొంచెం తక్కువ

నా ఉద్యోగం బరువు.
డెబ్బై ఆరు కిలోలు, బూట్లతో కలిపి.
త్రీన్ నన్ను తూకం వేయించి
కాగితం మీద ముందు ఆ అంకె రాసింది,
తర్వాత నా పేరు, బ్రాకెట్లలో.

టార్టులో జనవరి. సంగీత పాఠశాలకి సెలవులు.
గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్లు,
కింద ఒకే ఒక ఉక్కు వెన్నెముక,
అవతలి పక్క గాజు తప్ప ఏమీ లేదు.
వయొలిన్ పెట్టెలు మోసుకొచ్చే తల్లులు
మధ్యాహ్నం గంట కొట్టగానే
గోడకి అంటుకుపోతారట,
అరికాలి కింద మెట్టు జుమ్మందని.

త్రీన్ తేనెమైనం ముద్దని
అరచేతిలో వెచ్చబెట్టి మెత్తన చేసింది.
కుంకుమకి ముందు నుదుట మైనం అద్దినంత శ్రద్ధగా
పద్నాలుగో మెట్టుకి, మలుపు చప్టాకి, ఇరవై రెండో మెట్టుకి
అద్ది, సెన్సర్లు అంటించింది.
"ఇక ఎవరూ కదలకండి."

మొదట రబ్బరు సుత్తి. ఒక్క దెబ్బ.
మెట్లు ఏమన్నాయో మాకు వినపడలేదు.
తెర మీద మాత్రం
చదునైన నేలలో ఒక్క రాట లేచి నిలబడింది.
సెకనుకి ఎనిమిది కంటే కొంచెం తక్కువ.
అది దాని సొంత పేరు, అంది త్రీన్,
ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతుంది.

తర్వాత నేను.
మెట్రోనోమ్ టిక్కుకి ఒక అడుగు.
ఎక్కు, దిగు, మళ్ళీ ఎక్కు.
నూట పద్నాలుగు. నూట ఇరవై.
మోకాళ్ళు నావే, నడక నాది కాదు.
గీత కాస్త బుసకొట్టి పడుకుంది.

అప్పుడు పరుగు.
నిమిషానికి రెండు వందల ముప్పై నాలుగు,
పన్నెండేళ్ళ పిల్లలు ఆకలితో దిగే వేగం.
ఊయలని ప్రతి రెండో ఊపుకీ ఎవరో తోసినట్టు
మెట్టు తానే పైకొచ్చి
నా పాదాన్ని అందుకుంది.
చచ్చేంత భయం వేసింది. నవ్వు కూడా వచ్చింది.

కింద నిలబడ్డ కాపలాదారు హెల్దుర్ నవ్వలేదు.
చంకలో పందొమ్మిదేళ్ళ నోటుపుస్తకం.
ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ఎక్కి చూసి రాశాడు:
తనిఖీ చేశాను, కదలిక లేదు.
నలభై ఒక్కసార్లు.
"అబద్ధాలకోరునా నేను?" అన్నాడు,
త్రీన్‌తో కాదు, మెట్లతో.

"మీరు నడవండి," అందామె.

ఆయన ఎడమ తుంటి కూడా ఉక్కుదే.
ఒక గురువు, ఒక లఘువు,
చప్టా మీద కాస్త ఆగడం,
ఈసారి వరసగా రెండు లఘువులు,
ఏ ఛందస్సుకీ లొంగని పాదం.
మెట్రోనోమ్ ఆయన్ని తరిమి తరిమి వదిలేసింది.
తెర మీద గీత, నిద్రపోతున్న పిల్లి వీపు.

"మీరు రాసింది నిజమే," అంది త్రీన్ చాలాసేపటికి.
"మీ కింద ఇవి ఎప్పుడూ కదల్లేదు."

సంతోషిస్తాడనుకున్నాను.
ఆయన ఇరవై రెండో మెట్టు మీద చతికిలబడి
గాజు మీద అరచెయ్యి ఆనించి
కుడి మడమతో తట్టడం మొదలుపెట్టాడు.
తట్టి, తప్పి, ఆగి, వెతుక్కుంటూ,
ఇంకాస్త గబగబా, ఇంకాస్త మెత్తగా.

లాప్‌టాప్ మూయబోయిన త్రీన్ చెయ్యి ఆగింది.
రాట వేలెడెత్తు లేచి కూలింది.
మళ్ళీ లేచింది.

నా కూలి మూడు గంటలకే.
నాలుగో గంట ఎవరి లెక్కలోనూ లేదు.