పందుల వారం

ఈ వారం పందుల వంతు నాది.
నోటీసు బోర్డు మీద వరసగా పేర్లు:
పూజాపీఠం విల్లీ, వంటిల్లు ఫెలిసియానుస్,
గంట ఆ నిద్రమొహం ఎజిదియుస్
(వాడు కొడితే పరలోకం కూడా పది నిమిషాలు ఆలస్యం).
అన్నిటికన్నా కింద, వానకి చెదిరిన సిరాతో,
పందులు, కోర్నెలిస్.

నాలుగున్నరకి లేస్తాను.
మౌమెరె వైపు సముద్రం ఇంకా నల్లగానే ఉంటుంది.
తెల్లంగీ మేకుకి తగిలించి
నిక్కరు, రబ్బరు బూట్లు.
తరిగిన అరటిబోదె, తవుడు, చిలగడదుంప తీగ,
రెండు చేతులకీ రెండు బాల్చీలు.
మంగళవార్త జపం వంటింటి గడప దగ్గర మొదలుపెడితే
నాలుగో ఆమెన్‌కి తొట్టి.

ఊళ్లో నన్ను ఫ్రాటెర్ అంటారు. అంటే అన్న.
పళ్లులేని ముసలాళ్లూ అంటారు,
ఒకప్పుడు నా చెవి మెలిపెట్టిన మూడో తరగతి టీచరమ్మా అంటుంది.
ఎవరికీ ఏమీ కాకముందే అందరికీ అన్ననయ్యాను.

మొన్న రెక్టరు గ్రెగోర్ స్వామి అడిగారు:
పిలుపు ఎప్పుడు విన్నావు?
మిగతావాళ్లకి ఉంది చెప్పడానికి.
ఒకడికి జ్వరంలో, ఒకడికి పడవ బోల్తాపడిన రోజున.
నాకు గుర్తొచ్చింది మా అవ్వ.
మా ఊళ్లో మగాడు నూలు ముట్టకూడదు,
ముడేస్తే వలకి చేప పడదంటారు.
చూపు మందగించాక, అవ్వ తలుపు మూసి నేర్పింది:
రంగు అంటకూడని చోట తాటాకు పీలికతో బిగించు.
నీలిలో ముంచు. ఆరబెట్టు. విప్పు.
కట్టినంత మేర తెలుపు మిగులుతుంది. బొమ్మంటే అదే.
పదేళ్లు నాకు. చెమట పట్టింది.
దీన్ని పిలుపంటారా స్వామీ, అని అడగలేదు.
గుర్తులేదండీ, అన్నాను. ఆయన రాసుకున్నారు.

ఇప్పటికీ మంచం కింద, తత్వశాస్త్రం నోట్సుల వెనక,
నా కట్టుచట్రం ఉంది.
ఫెలిసియానుస్‌కి గిటారు.
విల్లీ ఇటలీ ఫుట్‌బాల్ జట్లన్నీ
సకల పునీతుల ప్రార్థనలా అప్పజెబుతాడు.
నేను దీపాలార్పాక ముడులేస్తాను.
పాపసంకీర్తనంలో ఎప్పుడూ చెప్పలేదు.
పాపమని కాదు. అంత హాయిని ఏ పద్దు కింద చెప్పాలో తెలీక.

గురువారం రాత్రి రేజీనా ఈనింది.
ఆ పేరు పెట్టింది మేం కాదు, ముందు బ్యాచీ.
మార్చమన్నారు గానీ అది వేరే పేరుకి పలకదు.
రాత్రి జపం తర్వాత తెల్లారేదాకా మఠంలో మాట ఉండకూడదు.
ఓర్చుకో తల్లీ, ఇంకొక్కటి, ఇంకొక్కటి, అంటూనే ఉన్నాను.
నాలుగోదానికి బొడ్డు దగ్గర నెత్తురు ఆగలేదు.
గదికి పరిగెత్తాను, చట్రం లాగాను,
సగం కట్టిన చేప తోకలోంచి పోగులు తెంపుకొచ్చాను.
అవ్వ ముడే వేశాను.

వెనక టార్చిలైటు.
గ్రెగోర్ స్వామి, సరోంగుతో, చెప్పుల్లేకుండా.
మాట్లాడలేదు, నియమం ఆయన పెట్టిందే మరి.
గడ్డిలో మోకాళ్లూని ఒక్కో పిల్లనీ తుడిచి చన్నుకి పట్టించారు.
నా చేతిలో పోగులు చూశారు,
వాటికింకా వేలాడుతున్న తాటాకు ముడులు చూశారు,
చాలాసేపే చూశారు.
తర్వాత వేలు పెట్టి చూపించారు:
ఇంకోటి, ఇక్కడ.

ఆరోది బతకలేదు.
కాఫీ మొక్క పక్కన పాతిపెట్టాం.
పందిపిల్లకి ఏ జపమో పుస్తకాల్లో లేదు.
ఇద్దరం ఊరికే నిలబడ్డాం, దోమలు కుట్టేదాకా.

పొద్దున పూజలో నా వరస ఖాళీ అయింది, వాసనకి.
విల్లీ సాంబ్రాణి గుప్పెడెక్కువ వేశాడు.
రెక్టరు స్వామి అప్పం పైకెత్తారు.
ఆయన గోళ్ల కింద
ఇంకా కొంచెం నలుపు.

చేపకి తోక లేదిప్పుడు.
అవ్వకి పంపితే వేళ్లతో తడిమి,
పిల్లి తిన్నదేంట్రా, అంటుంది.
అలాగే నీలిలో ముంచుతాను.

సోమవారం నుంచి నాది గంట వంతు.
రేజీనాకి ఎవరైనా చెప్పాలి.