వల పట్టిన ఆనపకాయ

హార్బర్‌లో వేలం ముగిశాక
వంజరం దిగిపోయిన థర్మాకోల్ పెట్టెలు అయిదు.
కాసులమ్మ నూట యాభై అంది, నూటికి దిగింది.
"బాగా కడుక్కో బాబూ,
నీకు మొక్కల కంటే ముందు పిల్లులు మొలుస్తాయి."

ఉప్పేసి రుద్దాను, నిమ్మతొక్కేసి రుద్దాను,
రెండెండలు కాచాను.
వాసన పోలేదు.
పోనీ. ఆనపగింజకు ముక్కుందా?

కాల్చిన చువ్వతో అడుగున ఏడేసి చిల్లులు.
కొబ్బరిపీచు ఒక వరస,
సింహాచలం వెళ్లే దారిలో ఎవరో పునాది తవ్వి పోసిన ఎర్రమట్టి,
రెండు గోనెల గెత్తం.
మూడంతస్తులు, పదకొండు సార్లు.
పన్నెండోసారి మోకాలు నన్ను పేరుపెట్టి పిలిచింది.

ఇంటాయన సత్యారావు మేస్టారు మెట్లకు అడ్డంగా నిలబడ్డారు.
"శ్లాబు కారిందో, అడ్వాన్సు మరిచిపో."
అందుకని పెట్టెకు నాలుగిటుకలు,
ఇటుకల మధ్య గాలి,
గాలి మధ్యలోంచి మేస్టారి చూపు.

మాఘం వెళ్లిపోయే రాత్రి
హైమ గింజల్ని తడిగుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది.
మొదటి విడత పావురాలు తిన్నాయి.
రెండో విడత మీద
కాసులమ్మ ఇచ్చిన చిరుగుల వల.
"పదిహేనేళ్లు చేపల్ని పట్టింది.
ఇక నీ కాయల్ని పట్టమను."

ఆ వలే తరవాత పందిరి అయింది.
నాలుగు పాత పైపులు, కరెంటు తీగతో కట్లు.
ఒక మూల వంకరొచ్చింది.
సరిచేద్దామని నేను చూసేలోపు
తీగ ఆ మూలనే పట్టుకుంది.

ఉగాదికి పూలు. తెల్లగా, సాయంత్రం పూట.
అన్నీ మగపూలే.
"నాన్నా, వీటికి పిల్లనెవరిస్తారు?" అంది జోషిత.
కొస తుంచమన్నాడు షిఫ్టులో గౌరినాయుడు.
కత్తెర పట్టుకెళ్లి మూడురోజులు
ఉత్తిచేతులతో దిగొచ్చాను.
నాలుగోరోజు హైమే గోటితో పుటుక్కున తుంచేసింది.

తరవాత, బొటనవేలంత పిందెతో ఒకే ఒక్క ఆడపువ్వు.
జ్ఞానాపురం మూడో అంతస్తుకు తేనెటీగ ఎందుకొస్తుంది?
మగపువ్వు రేకులు ఒలిచి
నేనే తేనెటీగనయ్యాను.
ఫోను లైటు జోషిత పట్టుకుంది.
దూరంగా ఓడ ఒకటి కూసింది.
వేళ్లు వణికాయి.
పాతిక టన్నుల గ్రాబు కింద నిలబడ్డప్పుడు కూడా
వణకని వేళ్లు.

ప్రతి పొద్దునా హైమ ఆకులు తుడుస్తుంది,
పసిపిల్ల మొహం తుడిచినట్టు కాదు,
గచ్చు తుడిచినట్టు, గట్టిగా, విసుగ్గా.
గుడ్డ నల్లబడుతుంది.
బకెట్లో పిండి, మళ్లీ తుడిచి, మళ్లీ పిండి,
నావైపు చూడదు.

నేను బొగ్గు బెర్తులో బెల్టు నడుపుతాను.
ఎక్కడో సముద్రాల అవతల తవ్విన బొగ్గు
ఓడ పొట్టలోంచి నా మీట కింద నుంచి వ్యాగన్లకెక్కుతుంది.
గాలి ఇటు మళ్లితే
నాకంటే ముందే ఇల్లు చేరుతుంది.
"అదిగో, మీ డ్యూటీ దిగింది"
అంటుంది ఆకు మీద వేలితో గీత గీసి.
జోషిత ఆ గీత పక్కనే తన పేరు రాస్తుంది.
ఆకు వెడల్పు చాలక "త" కిందికి జారుతుంది.

పదహారో రోజు కోశాం.
వల కన్ను ఇరుక్కున్నచోట నడుం సన్నగా,
మిగతాదంతా మేస్టారి పొట్టలా.
లెక్క చూస్తే ఎనిమిదొందల అరవై,
రైతుబజార్లో ఇరవైకి వస్తుంది.
సగం మేస్టారింటికి పంపాం.
సాయంత్రం ఆయనే పైకొచ్చారు,
చంకలో పగిలిన వాష్‌బేసిను.
"ఇందులో పుదీనా వస్తాదేటి?"

రాత్రి ఆనపకాయ పాలుపోసిన కూర.
ముక్క వెన్నలా ఉంది.
కాస్త ఉప్పగా తగిలింది నాలుకకు.
ఆ మాటే అన్నాను.
హైమ గరిటె పట్టుకుని ఆగిపోయింది.
ఉప్పు వెయ్యడమే మరిచిపోయానంది.