సోమవారం సెలవు

ఈ ఊళ్లో మ్యూజియాలన్నీ సోమవారమే మూసేస్తారు.
నాకూ సోమవారమే సెలవు.
అందుకని ముప్పై ఒక్క ఏళ్లుగా
త్బిలిసి మొత్తంలో నాకు తెలిసిన మ్యూజియం ఒకటే,
అందులోనూ ఒకటే గది.
నాలుగో నంబరు. కిటికీ పక్క కుర్చీ.
ఊలు ఉండ, ఫ్లాస్కులో టీ,
ఆరు భాషల్లో "ముట్టుకోకండి".

శుక్రవారం పూలగుత్తి ఇచ్చి, చేయి కలిపి
ఇక రావక్కర్లేదన్నారు.
మంగళవారం పొద్దున
కాళ్లు వాటంతటవే బస్‌స్టాపుకి నడిచాయి.
సరే, పోనీ అనుకుని
వేరే బస్సెక్కాను.

పట్టు మ్యూజియంలో
గాజుసీసాల నిండా గూళ్లు,
తెలుపు, గంధం రంగు, ముసలి పళ్ల పసుపు.
లోపలి పురుగు బయటికి రాకముందే
ఆవిరి పట్టి చంపుతారట, దారం తెగకుండా.
చదివాను గానీ చూపు అక్కడ నిలవదే!
అద్దం మీద ఎవరిదో బొటనవేలి ముద్ర.
చేతిరుమాలు సగం తీసి
మళ్లీ సంచిలో దోపుకున్నాను.
నీ గది కాదు నాజీబ్రోలా,
ఊరికే చూడు.

బుధవారం ఒక కవిగారి ఇల్లు.
ఎండిపోయిన సిరాబుడ్డి, రబ్బరు జోళ్లు,
కవి పోయిన నిమిషం దగ్గర ఆపేసిన గడియారం.
వంటింట్లోంచి ఉల్లిపాయ వేగుతున్న వాసన.
ఇదీ ప్రదర్శనలో భాగమేనా అన్నాను.
కాదు, నా మధ్యాహ్నం భోజనం అంది
కవిగారి తమ్ముడి మనవరాలు సియూరి.
ఆ ఇంటికి కాపలా ఆవిడే,
ఆ ఇంట్లో కాపురమూ ఆవిడదే.
ఇద్దరం గడియారం కింద కూర్చుని
రొట్టె తుంచుకు తిన్నాం.
నడుం నొప్పికి నువ్వేం రాస్తావంటే నువ్వేం రాస్తావని
గంటసేపు మాట్లాడుకున్నాం.
కవిత్వం ఊసు రాలేదు.

గురువారం వాన. ఎక్కడికీ పోలేదు.

బొమ్మల మ్యూజియంలో ఓ బుడతడు
తాడుబొమ్మ కాలు పట్టుకోబోయాడు.
నాకు తెలియకుండానే నోరు లేచింది:
"ముట్టుకోకు!"
గది గదంతా బిగుసుకుపోయింది, బొమ్మలతో సహా.
అక్కడి కాపలా కుర్రాడు
ఫోన్లోంచి తలెత్తి, లేచి నిలబడి
నాకు నమస్కారం పెట్టినంత పని చేశాడు.

కొండ మీద, ఆరుబయట,
పల్లెల నుంచి విప్పి తెచ్చి మళ్లీ బిగించిన చెక్క ఇళ్లు.
ఒకదాంట్లో ఊగుడు తొట్టి,
పసిబిడ్డను కదలకుండా కట్టే గుడ్డపట్టీలు.
అలాంటి దాంట్లోనే నన్నూ కట్టేసి
అమ్మ ద్రాక్షకోతకి పోయేదట.
తొట్టి చుట్టూ ఎర్రతాడు.
తాడుకి అవతల పెరిగాను,
ఇవతల నిలబడ్డాను.
కాస్త వంగితే అందేది.
వంగలేదు. ఉద్యోగం అలవాటు.

ఆదివారం నా మ్యూజియానికే వచ్చాను.
"నీకు టికెట్టేంటి?" అంది గల్లాపెట్టె దగ్గర దోదో.
"చింపు," అన్నాను, "ఆ చప్పుడు కావాలి."

నా కుర్చీలో తమ్తా అనే పిల్ల.
గది మధ్యలో, అద్దాల పెట్టెలో, మట్టి ఎద్దు.
ఇన్నేళ్లూ కుర్చీలోంచి
నాకు కనబడింది దాని వెనకవైపే,
తోకా, పిర్రలూ.
ముందునుంచి ఎన్నిసార్లు నడవలేదు!
కానీ నడిచినప్పుడల్లా నా కళ్లు
జనం చేతుల మీద.

ఇవాళ ఎదురుగా నిలబడ్డాను, డబ్బిచ్చిన మనిషిలా.
ఒక కొమ్ము విరిగింది. నోరు కొంచెం తెరిచి
ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టుంది మొహం.
ఇంకా దగ్గరికి వంగితే, గంగడోలు కింద,
తడిమట్టి మీద పడి
మంటలో కాలి మిగిలిపోయిన
ఒక బొటనవేలి ముద్ర.
చిన్నది. ఆడమనిషిదో, పిల్లాడిదో.
రోజుకెన్ని తుడిచాను నేను!
దీన్ని ఎవరూ తుడవలేదు.

"అమ్మా, కాస్త వెనక్కి," అంది తమ్తా.
వెనక్కి జరిగాను.
అద్దం మీద నా నుదురు ఆనిన చోట
ఆవిరి మరక.
రుమాలు సంచిలోనే ఉంది.
తీయలేదు.